350 నుంచి 450 సీసీ బండ్లు: ఏ ఇంజన్ ఎక్కడ లాగుతుంది, ఎవరికి ఏది నప్పుతుంది

ట్రయంఫ్ స్పీడ్ 400 బ్రోషర్ తెరిస్తే గరిష్ఠ టార్క్ (ఇంజన్ మెలితిప్పే బలం) 37.5 న్యూటన్ మీటర్లు అని కనిపిస్తుంది. కవాసాకి నింజా జెడ్‌ఎక్స్-4ఆర్ బ్రోషర్‌లో అదే గడిలో 39 ఉంటుంది. ఒకటి 398 సీసీ, మరొకటి 399. అయినా మొదటి బండి శక్తి 40 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) అయితే రెండోదాని శక్తి 77 పీఎస్. ధరలో తేడా అంతకంటే ఎక్కువ. టార్క్ దాదాపు సమానమైనప్పుడు శక్తి రెట్టింపు దాకా ఎలా వెళ్లింది? సమాధానం ఆ అంకె పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఒకటి 6,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, మరొకటి 13,000 ఆర్‌పీఎం దగ్గర. శక్తి అంటే టార్క్‌ను ఈ తిరిగే వేగంతో గుణించినదే. షోరూమ్‌లో మాటలన్నీ పెద్ద అంకె చుట్టూ నడుస్తాయి గానీ, బండి ఇంటికి వచ్చాక రోజూ మనతో కాపురం చేసేది ఆ చిన్న అక్షరాల అంకే.

ఈ వ్యాసంలో ఐదు బండ్లను పోలుస్తున్నాను: రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, హోండా హైనెస్ సీబీ350, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, ట్రయంఫ్ స్పీడ్ 400, కవాసాకి జెడ్‌ఎక్స్-4ఆర్. ధరలో వీటి మధ్య నాలుగు రెట్ల తేడా ఉందని తెలుసు. ఒకే షోరూమ్ మెట్లు ఎక్కే బండ్లు కావివి. కానీ ఇంజన్ నిర్మాణం మారితే లాగుడు ఎలా మారుతుందో చూడటానికి ఇంతకంటే స్పష్టమైన వరుస దొరకదు. రంగులు, సీటు, సర్వీసు సెంటర్ దూరం వంటివి ఇక్కడ ఎత్తుకోను.

## ముందుగా ఏం చూడాలి

మొదటిది, టార్క్ శిఖరం ఏ ఆర్‌పీఎం దగ్గర ఉంది అన్నది. రెండోది, ఆ శిఖరం దాటాక లాగుడు ఎంత త్వరగా పడిపోతుంది అన్నది. దీన్ని బ్రోషర్లు నేరుగా చెప్పవు గానీ, మనమే లెక్క కట్టుకోవచ్చు. గరిష్ఠ శక్తి పీఎస్ అంకెను 7,023తో గుణించి, ఆ శక్తి వచ్చే ఆర్‌పీఎంతో భాగిస్తే, ఆ చోట మిగిలి ఉన్న టార్క్ న్యూటన్ మీటర్లలో వస్తుంది. స్పీడ్ 400కు 40ని 7,023తో గుణించి 8,000తో భాగిస్తే 35.1 వస్తుంది. అంటే 6,500 దగ్గర ఉన్న 37.5లో 94 శాతం 8,000 దాకా నిలబడింది. టార్క్ గీతపై (ఆర్‌పీఎంను బట్టి టార్క్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్‌పై) రెండు బిందువులు దొరికితే దాని వాలు తెలిసినట్టే.

మూడోది, కింది ఆర్‌పీఎంలో ఆ లాగుడు ఎంత నునుపుగా వస్తుంది అన్నది. దీనికి బ్రోషర్‌లో అంకె ఉండదు, నడిపి చూడవలసిందే. ఇక నాలుగోది, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది, బండికి కాదు, మీ ఎడమ కాలికి సంబంధించినది. ఓవర్‌టేక్ చేయాల్సి వచ్చినప్పుడు మీరు గేరు దించుతారా, లేక ఉన్న గేరులోనే యాక్సిలరేటర్ తిప్పుతారా? ఒకే వేగంలో వెళ్తున్న రెండు బండ్లలో ఏది ముందుకు దూకుతుందో తేల్చేది ఆ క్షణాన ఇంజన్ ఇస్తున్న శక్తి. గేరు దించే అలవాటున్న చేతిలో పై ఆర్‌పీఎం ఇంజన్ గెలుస్తుంది, లేని చేతిలో కింది ఆర్‌పీఎం ఇంజన్ గెలుస్తుంది. మిగతా చర్చలో సగం దీనికి వ్యాఖ్యానమే.

## లాంగ్ స్ట్రోక్ అంటే టార్క్ ఎక్కువా?

మెకానిక్ షెడ్డులోనూ, టీ కొట్టు దగ్గరా వినిపించే వాదన ఒకటుంది: స్ట్రోక్ (సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) పొడుగైతే క్రాంక్ (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) చేయి పొడుగవుతుంది, పొడుగు చేయి అంటే ఎక్కువ మెలితిప్పే బలం, కాబట్టి లాంగ్ స్ట్రోక్ ఇంజన్‌కు టార్క్ ఎక్కువ. వినడానికి బాగుంటుంది గానీ, ఇందులో సగం నిజమే ఉంది. సీసీ మారకుండా స్ట్రోక్ పెంచాలంటే బోర్ (సిలిండర్ వ్యాసం) తగ్గించాలి. బోర్ తగ్గితే పిస్టన్ తల వైశాల్యం తగ్గుతుంది. దాని మీద పడే తోపు కూడా అంతే తగ్గుతుంది. సీబీ350 పిస్టన్ తల వైశాల్యం సుమారు 38.5 చదరపు సెంటీమీటర్లు, స్పీడ్ 400ది 62 పైచిలుకు. చేయి పొడుగైన చోట అరచేయి చిన్నదైంది. రెండూ కలిపి చూస్తే, టార్క్ ఎంత అన్నది ప్రధానంగా సీసీ మీదా, సిలిండర్ ఎంత నిండుగా గాలి పీల్చుతుంది, ఆ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుంది అన్నదాని మీదా ఆధారపడుతుంది. అందుకే లీటరు లెక్కన చూస్తే లాంగ్ స్ట్రోక్ క్లాసిక్ 77 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే, షార్ట్ స్ట్రోక్ స్పీడ్ 400 దాదాపు 94 ఇస్తుంది. క్లాసిక్ కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుంది అన్నది) 9.5:1, రెండు వాల్వులు. స్పీడ్ 400ది 12:1, నాలుగు వాల్వులు, లిక్విడ్ కూలింగ్.

మరి స్ట్రోక్ చేసే పని ఏమిటి? అది ఇంజన్ ఎంత వేగంగా తిరగవచ్చో హద్దు గీస్తుంది. పిస్టన్ ఒక్కో చుట్టుకు స్ట్రోక్‌కు రెండింతల దూరం ప్రయాణిస్తుంది కనుక, స్ట్రోక్ పొడుగైతే అదే ఆర్‌పీఎంలో పిస్టన్ ఎక్కువ వేగంతో పరుగెత్తాలి. కింది పట్టికలో చివరి గడి చూడండి. 6,100 దగ్గర ఆగిపోయే క్లాసిక్‌లోనూ, 14,500 దాకా అరిచే కవాసాకిలోనూ పిస్టన్ సగటు వేగం సెకనుకు 17 నుంచి 19 మీటర్ల మధ్యే ఉంది. చెవికి ఒకటి నిద్రపోతున్నట్టు, మరొకటి ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టు వినిపిస్తాయి. లోపల పిస్టన్ల పరుగులో అంత తేడా ఏమీ లేదు.

| బండి | బోర్ × స్ట్రోక్ (మి.మీ.) | గరిష్ఠ టార్క్ (న్యూ.మీ.) | గరిష్ఠ శక్తి (పీఎస్, సుమారు) | గరిష్ఠ శక్తి దగ్గర మిగిలే టార్క్ | అక్కడ పిస్టన్ సగటు వేగం (మీ./సె.) |
|---|---|---|---|---|---|
| క్లాసిక్ 350 | 72 × 85.8 | 27, 4,000 దగ్గర | 20.5, 6,100 దగ్గర | 23.6 (87 శాతం) | 17.4 |
| సీబీ350 | 70 × 90.5 | 30, 3,000 దగ్గర | 21, 5,500 దగ్గర | 26.9 (90 శాతం) | 16.6 |
| హిమాలయన్ 450 | 84 × 81.5 | 40, 5,500 దగ్గర | 40, 8,000 దగ్గర | 35.1 (88 శాతం) | 21.7 |
| స్పీడ్ 400 | 89 × 64 | 37.5, 6,500 దగ్గర | 40, 8,000 దగ్గర | 35.1 (94 శాతం) | 17.1 |
| జెడ్‌ఎక్స్-4ఆర్ | 57 × 39.1, నాలుగు సిలిండర్లు | 39, 13,000 దగ్గర | 77, 14,500 దగ్గర | 37.3 (96 శాతం) | 18.9 |

లాంగ్ స్ట్రోక్ ఇంజన్‌ను రూపొందించేవారు పై ఆర్‌పీఎం ఎలాగూ అందదని తెలిసి, వాల్వుల టైమింగ్‌ను (అవి తెరుచుకుని మూసుకునే సమయాన్ని), గాలి గొట్టాల కొలతలను కింది ఆర్‌పీఎంకు అనువుగా సర్దుతారు. జనం "లాంగ్ స్ట్రోక్ లాగుడు" అని పిలిచేది నిజానికి ఎక్కువగా ఈ సర్దుబాటునే. సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అట్టడుగుకు చేరిన వెంటనే మూసుకోదు, కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. ఆర్టీసీ బస్సు తలుపు ఊహించుకోండి. జనం తోసుకుంటూ ఎక్కుతున్నప్పుడు బస్సు కదలబోతున్నా తలుపు తీసి ఉంచితే ఇంకో నలుగురు లోపలికి పడతారు; జనం నింపాదిగా ఉన్నప్పుడు అంతసేపు తీసి ఉంచితే ఎక్కినవాళ్లే దిగిపోతారు. పై ఆర్‌పీఎంలో గాలి ఆ తోసుకొచ్చే గుంపు. అందుకే వాల్వు ఆలస్యంగా మూసే ఇంజన్‌కు పైన ఊపిరి బాగా అందుతుంది, కింద మాత్రం పీల్చిన గాలి కొంత వెనక్కి పోతుంది. రెండు చోట్లా ఒకేలా నింపాలంటే వాల్వు టైమింగ్‌ను మార్చే యంత్రాంగం కావాలి. ఈ ఐదింటిలో ఏ బండికీ అది లేదు.

బోర్, స్ట్రోక్ ఒక్కటే కథ కాదనడానికి నిదర్శనం కేటీఎం 390 డ్యూక్. కొత్త డ్యూక్ కొలతలూ 89 × 64, స్పీడ్ 400 కొలతలూ అవే. టార్క్ శిఖరం రెండింటికీ 6,500 దగ్గరే. కానీ డ్యూక్ 39 న్యూటన్ మీటర్లు, 8,500 దగ్గర 46 పీఎస్ ఇస్తుంది. లెక్క కడితే అక్కడ కూడా 38 న్యూటన్ మీటర్లు మిగిలి ఉంటాయి, అంటే 97 శాతం. కొలతలు ఒకటే, స్వభావం వేరు.

## ఒక్కొక్క బండీ

క్లాసిక్ 350. 2020లో ఎన్‌ఫీల్డ్ వారి మీటియర్ 350 బండితో వచ్చి మరుసటి ఏడాది క్లాసిక్‌లోకి చేరిన ఈ ఇంజన్‌లో అసలు ఆస్తి బరువైన క్రాంక్, ఫ్లైవీల్. సింగిల్ సిలిండర్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారే పేలుతుంది; 1,500 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు పన్నెండున్నర పేలుళ్లు. ఒక పేలుడుకూ మరొక పేలుడుకూ మధ్య బండిని ముందుకు నడిపించేది ఫ్లైవీల్‌లో దాచుకున్న ఊపే. అది బరువుగా ఉంటే క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ ఆగిపోదు, స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులోనే కదులుతుంది. దానికి చెల్లించే మూల్యం, ఇంజన్ వేగం పెరగడానికి తీసుకునే సమయం. యాక్సిలరేటర్ తిప్పగానే ముల్లు ఎగరదు. 195 కిలోల బండికి 20 పీఎస్ అన్నది కూడా మరువకూడదు: గంటకు 90 కి.మీ. దాటాక ఈ బండిని ఎంత బతిమాలినా పెద్దగా స్పందించదు.

సీబీ350. ఐదింటిలో అత్యంత పొడవైన స్ట్రోక్ దీనిదే. చిన్న తమాషా ఏమిటంటే, పాత ఎన్‌ఫీల్డ్ 350 కొలతలు 70 × 90. వాటికి దగ్గరగా వచ్చింది కొత్త ఎన్‌ఫీల్డ్ కాదు, హోండా. 3,000 దగ్గరే 30 న్యూటన్ మీటర్లు రావడం, 5,500 దాకా 90 శాతం నిలవడం చూస్తే గీత ఎంత చదునుగా ఉందో అర్థమవుతుంది. కాగితం మీద క్లాసిక్ కంటే మెరుగైన లాగుడు ఇదే, పైగా బండి బరువు 181 కిలోలు. నడిపినప్పుడు మాత్రం తేడా అంకెలంత పెద్దగా తోచదు, ఎందుకంటే గేర్లు పొడుగ్గా ఉన్నాయి, అంటే ఒకే వేగానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరిగేలా అమర్చారు. ఇంజన్ ఇచ్చిన లాభంలో కొంత గేర్‌బాక్స్ తినేస్తుంది. నగరంలో తరచూ గేరు మార్చడం విసుగనిపించేవారికి నేను ముందుగా చూపించే బండి ఇదే.

హిమాలయన్ 450. బోర్, స్ట్రోక్ దాదాపు సమానం. పట్టికలో పిస్టన్ వేగం 21.7 అని వేరుగా నిలబడింది ఇదొక్కటే. పొడుగు స్ట్రోక్‌ను 8,000 దాకా తిప్పుతున్నారంటే లోపలి భాగాల మీద పని ఎక్కువే పెట్టారన్నమాట. ఎక్కువ సీసీ, 5,500 దగ్గర 40 న్యూటన్ మీటర్లు, చిన్న గేర్లు కలిసి కొండ దారుల్లో దీన్ని నిలబెడతాయి. అయితే పాత 411 సీసీ హిమాలయన్ నడిపినవారు ఆ టుకటుక లాగుడు కోసం వస్తే నిరాశ పడతారు. 3,000 కిందికి పడనీయకుండా నడపవలసిన ఇంజన్ ఇది. 4,000 దాటాక దాని రంగు మారుతుంది. ఇదే ఇంజన్ అదే కంపెనీ వారి గెరిల్లా 450 బండిలోనూ ఉంది.

స్పీడ్ 400. రెండేళ్ల కిందట ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. బండి పేరు అనవసరం, ఇదే జాతి షార్ట్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ బండి. వెనక మా అక్క కొడుకు, వాడి వీపున బ్యాగు. ముందు లోడు లారీ, హెయిర్‌పిన్ మలుపు. నేను బద్ధకించి మూడో గేరులోనే ఉండి, 2,500 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. ఇంజన్ తల బాదుకున్నట్టు టకటకమంది, చైన్ స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీని) కొట్టింది, బండి మాత్రం ముందుకు కదల్లేదు. సగం క్లచ్ పట్టి లాగించాను. రెండు మలుపుల తర్వాత వెనక నుంచి "మావయ్యా, ఏదో కాలుతున్న వాసనొస్తోంది" అన్నాడు వాడు. మా ముందు వెళ్తున్న మిత్రుడి 350 అదే మలుపును అదే మూడో గేరులో డుగుడుగుమంటూ ఎక్కేసింది. తప్పు బండిది కాదు. ఒక గేరు దించి 5,000 దగ్గర ఉంచితే ఆ లారీని మలుపు దాటగానే వెనక వదిలేసే ఇంజన్ అది; తేలిక క్రాంక్‌ను కింది ఆర్‌పీఎంలో ముక్కించిన చేయి నాది.

స్పీడ్ 400 ఆ జాతిలో సౌమ్యమైనదే. దాని గీత 4,000 నుంచి 8,000 దాకా చక్కగా వాడుకోదగినది. గంటకు 80 నుంచి 100 మధ్య ఇంజన్ ఏమాత్రం ఆయాసపడదు. ట్రాఫిక్‌లో రెండో గేరు, మూడో గేరు మధ్య కాలు ఆడుతూనే ఉండాలి.

జెడ్‌ఎక్స్-4ఆర్. నాలుగు సిలిండర్లు కనుక ప్రతి అర చుట్టుకూ ఒక పేలుడు. కింది ఆర్‌పీఎంలో కూడా కుదుపు ఉండదు, కుట్టు మిషన్‌లా తిరుగుతుంది. నునుపు వేరు, లాగుడు వేరు అన్నది ఈ బండి మీదే బాగా తెలుస్తుంది. 4,000 దగ్గర ఎంత తిప్పినా మర్యాదగా వింటుంది గానీ దూకదు. 10,000 దాటాక అదే బండి అనిపించదు. చిక్కల్లా ఆ 10,000 ఎక్కడ వాడతారన్నదే. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు, అంతకంటే ఎక్కువ వరుసల రహదారులపై మోటార్ సైకిళ్లకు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం గంటకు 80 కి.మీ.; హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు. రేస్ ట్రాక్‌కు వెళ్లే ఉద్దేశం లేకుండా ఇది కొనేవారు శబ్దం కోసం కొంటున్నారని ఒప్పుకుంటే సరిపోతుంది. ఆ శబ్దానికి అంత విలువ ఉందని నేను కూడా ఒప్పుకుంటాను.

## ఎవరికి ఏది

రోజూ అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, లేదా గాజువాక నుంచి విశాఖ నగరంలోకి వెళ్లి వచ్చేవారు ఎక్కువ సమయం 2,000కూ 4,000కూ మధ్య గడుపుతారు. వారికి సీబీ350, క్లాసిక్ తప్ప మిగతా మూడింటికీ తమ మంచితనం చూపించే అవకాశమే రాదు. పన్ను లెక్క కూడా ఇటే మొగ్గుతుంది: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్లకు జీఎస్‌టీ 18 శాతం, ఆ పైన 40 శాతం. రెండింటిలో ఏదంటే, అంకెలు హోండా వైపు ఉన్నాయి. ఊళ్లో మెకానిక్ చేతికి అలవాటైన బండి కావాలంటే క్లాసిక్.

భార్యాభర్తలు ఇద్దరూ, సామానుతో, సంవత్సరానికి రెండు మూడు దూర ప్రయాణాలు చేసేవారి సంగతి కాస్త చిక్కు. కింది లాగుడు ఇద్దరి బరువుకు అవసరం, కానీ హైవే మీద లారీని దాటడానికి 20 పీఎస్ చాలదు. విజయవాడ రోడ్డు మీద 80 దగ్గర నడుస్తున్న క్లాసిక్‌తో ఇద్దరు కూర్చుని బస్సును దాటాలంటే ముందు చాలా ఖాళీ చూసుకోవాలి. ఈ వర్గానికి హిమాలయన్ 450 సరైన మధ్య దారి అని నా అభిప్రాయం, సీటు ఎత్తు ఇద్దరికీ కుదిరితేనే. కుదరకపోతే గెరిల్లా చూడవచ్చు.

ఒంటరిగా నడుపుతూ, గేరు మార్చడాన్ని పనిగా కాక ఆటగా చూసేవారికి స్పీడ్ 400 ఇచ్చినంత విలువ ఈ వరుసలో మరొకటి ఇవ్వదు. ఇంకా చురుకు కావాలంటే డ్యూక్ ఉంది, కింద మరికొంత తొందరపాటును భరించగలిగితే. బుల్లెట్ నడిపి నడిపి ఇరవయ్యేళ్ల తర్వాత కొత్త బండికి మారాలనుకునే పెద్దలు మాత్రం స్పీడ్ 400ను ఒక గంటైనా ట్రాఫిక్‌లో నడపకుండా డబ్బు కట్టవద్దు. చేతి అలవాటు అంత సులువుగా మారదు.

## టెస్ట్ రైడ్‌లో చేయవలసినది

షోరూమ్ వారు ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఒక చుట్టు తిప్పి తెమ్మంటారు. ఆ చుట్టులో ఏ బండైనా బాగానే ఉంటుంది. మీతో వెనక కూర్చునే మనిషిని తీసుకువెళ్లండి. మూడో గేరులో గంటకు 30 కి.మీ. దగ్గర స్థిరంగా ఉంచి, యాక్సిలరేటర్ సగం తిప్పి, 60 చేరేదాకా వేచి చూడండి. చైన్ కొట్టుకుంటుందా, హ్యాండిల్ వణుకుతుందా గమనించండి. అదే పని రెండో గేరులో మళ్లీ చేయండి. రెండు సార్లకూ మధ్య తేడా చాలా తక్కువైతే అది గేరు దించనవసరం లేని బండి. తేడా చాలా ఎక్కువైతే, ఆ రెండో పద్ధతిలో రోజూ నడపడానికి మీరు సిద్ధమో కాదో అక్కడే తేల్చుకోండి. తర్వాత ఒక ఫ్లైఓవర్ ఎత్తు మీద, ట్రాఫిక్ లేనప్పుడు, పూర్తిగా ఆగి మళ్లీ కదలండి. క్లచ్‌ను ఎంతసేపు సగంలో పట్టుకోవలసి వచ్చిందో చేతికే తెలుస్తుంది.

ఇప్పటికే కొనేసి, కింది లాగుడు చాలడం లేదని బాధపడుతున్నవారికి ఒక దారి ఉంది. ముందు స్ప్రాకెట్‌కు (చైన్‌ను తిప్పే పళ్ల చక్రానికి) 15 పళ్లుంటే 14 పళ్లది వేయించుకోండి. చక్రం దగ్గర టార్క్ ప్రతి గేరులోనూ సుమారు 7 శాతం పెరుగుతుంది. అదే 7 శాతం హైవే మీద ఆర్‌పీఎం కూడా పెరుగుతుంది, దాంతో పాటు పెట్రోలు ఖర్చు, వైబ్రేషన్. వారంటీ ఇంకా నడుస్తుంటే సర్వీసు సెంటర్‌లో అడిగి మార్చుకోండి. స్పీడోమీటరుకు వేగం గేర్‌బాక్స్ నుంచి అందే బండ్లలో మీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. చక్రం దగ్గరి సెన్సర్ నుంచి అందితే ఆ ఇబ్బంది ఉండదు.